చలానా బండికి, పాయింట్లు మనిషికి

బ్రిటన్‌లో ఇంటింటికీ వెళ్లి వృద్ధులను చూసుకునే కేర్ ఉద్యోగంలో కారు నడపక తప్పదు. ఒక ఇంట్లో స్నానం చేయించి, మాత్రలు వేయించి, ఊరి మరో చివరనున్న ఇంటికి వేళకు చేరుకోవాలి. ఎవరింటికి ఎన్ని గంటలకు వెళ్లాలో ఫోన్‌లోనే ఉంటుంది, మధ్యలో మార్పులు జరిగినా ఆఫీసు నుంచి ఫోన్‌కే వస్తాయి.

అక్కడ నడుపుతూ ఫోన్ చేతిలోకి తీసుకుని వాడితే 200 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద తప్పుల లెక్కగా 6 పాయింట్లు పడతాయి. 2022 మార్చి 25 నుంచి ఫొటో తీసినా, పాటల కోసం వెతికినా ఇదే శిక్ష. ఎర్ర లైటు దగ్గర ఆగి ఉన్నా నడుపుతున్నట్టే లెక్క. మన లైసెన్సు అక్కడ నివాసం మొదలైన ఏడాది వరకే చెల్లుతుంది కనుక ఆ తర్వాత అక్కడి పరీక్ష పాసవ్వాలి. పాసైన రెండేళ్లలోపు 6 పాయింట్లు చేరితే ఆ లైసెన్సు రద్దవుతుంది, మళ్లీ థియరీ పరీక్ష నుంచి మొదలుపెట్టాలి. అంటే కొత్తగా వెళ్లినవాళ్ల బతుకుతెరువు పోవడానికి ఒక్క మెసేజ్ చాలు.

నాతో పనిచేసిన వరంగల్ అమ్మాయికి అదే జరిగింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ఆఫీసు పంపిన కొత్త చిరునామా చూడడానికి పక్క సీటు మీది ఫోన్ తీసుకుంది. పక్క వరుసలోనే పోలీసు వాహనం ఉంది. "జరిమానా ఎలాగో కట్టుకుంటానక్కా, లైసెన్సు లేకపోతే పనెవరిస్తారు?" అని ఏడ్చింది. వీసా ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉండడంతో ఆమె భయం నాకు బాగా అర్థమైంది. అయినా ఆ చట్టాన్ని నేను సమర్థిస్తాను, ఎందుకంటే ఆ 6 పాయింట్ల భయంతోనే మేమంతా ఫోన్‌ను డాష్‌బోర్డు పెట్టెలో పెట్టి తాళం వేయడం అలవాటు చేసుకున్నాం.

సెలవుకు హైదరాబాద్ వచ్చి కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి వెళ్తుంటే, హెల్మెట్‌కూ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మాట్లాడేవాళ్లు, ఎడమచేత్తో మెసేజ్ టైపు చేస్తూ కుడిచేత్తో బండి నడిపేవాళ్లు దారి పొడవునా కనిపించారు. ఇక్కడ చట్టం లేక కాదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద తొలి తప్పుకే 5,000 రూపాయల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు పడవచ్చు. తెలంగాణలో 2017లో పాయింట్ల పద్ధతి కూడా మొదలైంది. 24 నెలల్లో 12 పాయింట్లు చేరితే లైసెన్సు ఏడాది సస్పెండ్ చేయాలని అప్పుడు నిబంధన పెట్టారు. మా వీధిలో దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు నాకొక్కరూ కనిపించలేదు. అందరికీ గుర్తున్నవి రాయితీలే: ద్విచక్ర వాహనాల పెండింగ్ చలానాల మీద 2022లో 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం తగ్గించారు. కెమెరా ఫొటోతో వచ్చే చలానా నంబరు ప్లేటును వెతుక్కుంటూ యజమానికి చేరుతుందే గానీ, ఆ పూట నడిపిందెవరో అడగదు. బ్రిటన్‌లో అయితే యజమానికి నోటీసు పంపి, నడిపిన మనిషి పేరు రాయించుకుంటారు.

క్యాబ్ నడిపే మా తమ్ముడిని దీని గురించి నిలదీశాను. "బుకింగ్ వచ్చినప్పుడు వెంటనే నొక్కకపోతే ఇంకొకరికి పోతుందక్కా" అన్నాడు. వాడి మాటలో నిజముంది. నడిపేవాడి లైసెన్సు మీద పాయింట్లు పడాల్సిందే. బండి కదులుతుండగా బుకింగ్ పంపే సంస్థనూ, రోడ్డు మీదున్న మనిషికి చిరునామాలు పంపే ఆఫీసునూ అదే చట్టం పట్టుకోవాలి.