ఎక్కుడులో పోయిన గంట దిగుడులో తిరిగి రాదు

నిన్న ఒక్కరోజులో సైకిల్ మీద 92 కిలోమీటర్లు తొక్కాను, ఒంటరిగా, సామానుతో, మొత్తం ఎక్కిన ఎత్తు దాదాపు 1,600 మీటర్లు. ఎవరైనా అడిగితే మొదటి అంకే చెప్తాం గానీ రోజును నడిపించేది రెండోది. మైదానంలో 92 కిలోమీటర్లంటే మధ్యాహ్నానికి అయిపోతుంది. నిన్న పొద్దున ఆరింటికి బయల్దేరి సాయంత్రం ఐదూ నలభైకి చేరాను.

మొదటి కొండ 9 కిలోమీటర్లు. సగటున నూటికి ఆరు, అంటే వంద మీటర్లు ముందుకెళ్తే ఆరు మీటర్లు పైకి. గంటకు ఏడు కిలోమీటర్ల వేగంతో ఎక్కితే గంటా పదిహేడు నిమిషాలు పట్టింది. అవతల దిగడానికి పదిహేడు నిమిషాలు. మొత్తం 18 కిలోమీటర్లకు గంటన్నర దాటింది, సగటు పదకొండున్నర. ఎంత స్పీడుగా దిగినా ఆ సగటు పెద్దగా పెరగదు, ఎందుకంటే టైమంతా ఎక్కుడులోనే ఖర్చయిపోయింది, దిగుడు మొత్తం కలిపినా పదిహేడు నిమిషాలే కదా, అందులో ఐదు నిమిషాలు మిగుల్చుకోవడానికి మలుపుల్లో ప్రాణం మీదికి తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. ఈ లెక్క తెలియని రోజుల్లో దూరం చూసి ప్లాన్ వేసుకుని రెండుసార్లు చీకట్లో తొక్కాను. ఇప్పుడు ముందురోజు రాత్రి ముందుగా ఎత్తు చూస్తాను, ఆ తర్వాతే దూరం.

సామానుతో ఎక్కేవాళ్లకు కాళ్ల బలం కంటే చిన్న గేరు ముఖ్యమని నా గట్టి నమ్మకం. నా సైకిల్‌కి చైన్ తిరిగే పళ్ల చక్రాల్లో ముందు చిన్నది 26 పళ్లు, వెనక పెద్దది 34. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ సుమారు 1.65 మీటర్లు కదులుతుంది, నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు ఆరు కిలోమీటర్లు. ఆ వేగంలో ఊపిరి తాళంలో ఉంటుంది, మోకాళ్ల మీద భారం పడదు, చుట్టూ చూడటానికి తీరిక ఉంటుంది. ఫ్రాన్స్‌లో వెలోసియో అనే కలం పేరుతో రాసిన పాల్ ద వీవీ (1853–1930) ఒకటికి మించి గేర్లు కావాలని ఏళ్ల తరబడి వాదించాడు. అయినా టూర్ ద ఫ్రాన్స్ రేసులో గేర్లు మార్చే డిరైలర్‌ను 1937లో గానీ అనుమతించలేదు. నూటికి ఎనిమిది ఎక్కుతున్నప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు, మనసులోనే దండం పెట్టుకుంటాను.

పైన ఆగి వెంటనే జాకెట్ వేసుకోవడం మాత్రం ఎప్పుడూ మర్చిపోకూడదు. చెమటతో తడిసిన బట్టలతో గాలికి ఎదురెళ్తాం, పైగా ఎత్తు మీద చలి ఎక్కువ, కిలోమీటరు ఎత్తుకి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు మీద పట్టు పోతుంది, భయమంతా దానికే. దిగుడులో నేను మలుపుకు ముందే బ్రేకు వేస్తాను, మలుపులో కాదు. ఎప్పుడూ పట్టుకునే ఉండకుండా గట్టిగా పట్టి వదిలి, మళ్లీ పట్టి వదులుతాను, లేకపోతే రిమ్ కాలిపోయేంత వేడెక్కుతుంది. నిన్న ఒకచోట హ్యాండిల్ వణకడం మొదలైంది, బరువంతా వెనక ఉంటే ఇలా జరుగుతుంది. కంగారుపడి హ్యాండిల్ బిగించి పట్టుకుంటే ఇంకా పెరుగుతుంది. మోకాలిని ఫ్రేము పైగొట్టానికి ఆనించి మెల్లగా వేగం తగ్గించాను, తగ్గిపోయింది. కింద ఆగి నీళ్ల బాటిల్, పనిముట్ల సంచి ముందు బ్యాగుల్లోకి మార్చాను, మిగతా రోజంతా ఆ వణుకు మళ్లీ రాలేదు.

ఆగిన చోటే వెనక టైరు మెత్తగా అనిపించింది. ముల్లు. సామానంతా దించి, సైకిల్ తిరగేసి, చక్రం ఊడదీసి... ఒంటరిగా ఉన్నప్పుడు పంక్చర్ అంటే అరగంట, రెండో చెయ్యి ఉండదు కదా. నాకు ఇందులో ఒక అలవాటు ఉంది: టైరు ఎక్కించేటప్పుడు దాని మీది పేరు సరిగ్గా వాల్వు దగ్గరకు వచ్చేలా పెడతాను. ట్యూబులో చిల్లు వాల్వుకి ఎంత దూరంలో ఉందో చూస్తే టైరులో ముల్లు ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది. ముల్లు తియ్యకుండా కొత్త ట్యూబు వేస్తే పది నిమిషాల్లో అదీ పోతుంది. నిన్న ట్యూబుకి చిల్లు పెట్టింది ఒకటే, కానీ దాని పక్కనే ఇంకోటి సగం దిగి ఉంది, టైరు లోపల వేలు పెట్టి మెల్లగా తడిమాను కాబట్టి తగిలింది.

రెండో కొండ 11 కిలోమీటర్లు, వాలు తక్కువే, దాని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. దాని తర్వాత లోయలో ఎదురుగాలి. కొండ కంటే నాకు ఎదురుగాలే కష్టం, కొండకి పైభాగం కనిపిస్తుంది, గాలికి అంతెక్కడో తెలియదు.

తిండి సంగతి. సైకిల్, సామాను, నేను కలిపి 95 కిలోలు. అంత బరువును 1,600 మీటర్లు పైకి మోయడానికి అయ్యే పని సుమారు 360 కిలోకేలరీలు, కానీ ఒళ్లు తిన్నదాంట్లో నాలుగో వంతే కదలికగా మారుస్తుంది, మిగతాదంతా వేడి. అంటే ఎక్కుడుకే పద్నాలుగు పదిహేను వందల కిలోకేలరీలు కావాలి, మిగతా దారి ఖర్చు వేరే. అందుకే ఆకలేసేదాకా ఆగకూడదు. పక్కన మనిషి ఉంటే "నీ ముఖం పాలిపోయింది, ఏమైనా తిను" అంటాడు. ఒంటరిగా ఉంటే అది చెప్పేవాళ్లు ఉండరు, పైగా శక్తి తగ్గినప్పుడు ముందు దెబ్బతినేది బుర్రే, తినాలన్న ఆలోచన కూడా రాదు. నేను ఫోన్‌లో ప్రతి నలభై నిమిషాలకు అలారం పెట్టుకుంటాను. మోగితే ఆకలి ఉన్నా లేకపోయినా ఒక అరటిపండో నాలుగు ఖర్జూరాలో తిని రెండు గుక్కలు నీళ్లు తాగుతాను. లోయలో గాలితో పోట్లాడుతూ ఒక అలారం పట్టించుకోలేదు, మూడో కొండ మొదట్లోనే తెలిసిపోయింది.

అది నాలుగు కిలోమీటర్లే, కానీ సగటున నూటికి తొమ్మిది. మొదటి కిలోమీటరు ఎలాగో తొక్కాను. తర్వాత వేగం ఐదుకు పడిపోయి ముందు చక్రం అటూ ఇటూ ఊగడం మొదలైంది, అప్పుడు దిగాను. రోడ్డు పక్కన కూర్చుని తిన్నాను, పావుగంట కదల్లేదు. కాళ్ల కింద లోయ మొత్తం కనిపిస్తోంది, పొద్దున నేను దాటొచ్చిన కొండ అవతల నీలంగా ఉంది. అంత దూరం నా రెండు కాళ్లతోనే వచ్చానా అనుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాత తొక్కలేదు, తోసుకుంటూ నడిచాను. కొందరు దీన్ని ఓటమి అంటారు, నాకు అస్సలు అలా అనిపించదు. తొక్కితే గంటకు ఆరు, తోస్తే నాలుగు, ఆ వాలులో ఉన్న తేడా అంతే. పైగా సీటు మీద నొప్పెట్టిన నడుముకి విశ్రాంతి, కాళ్లలో వేరే కండరాలకు పని. కిలోమీటరున్నర తోశాక వాలు తగ్గింది, మళ్లీ ఎక్కి చిన్న గేరులోనే పైదాకా తొక్కాను.

చివరి దిగుడు ఎండ వాలుతుండగా. నీడలు రోడ్డుకి అడ్డంగా పడుతుంటే గుంతలు సరిగ్గా కనిపించవు కాబట్టి ఇంకా వెలుతురున్నా ముందూ వెనకా లైట్లు వేసి ఇరవై ఐదు దాటకుండా దిగాను. చేరిన వెంటనే చైన్ తుడిచి నూనె వేశాను, బ్రేకు రబ్బర్లు చూస్తే వెనకవి బాగా అరిగిపోయాయి. కొత్త జత బిగించి, రేపటి దారి ఎత్తు చూశాను. 1,100 మీటర్లు.