టేపు లాగితే గానీ తెలియలేదు

"గూని పడుతున్నావు, నిటారుగా కూర్చోరా" అని మా అమ్మ ఎన్నేళ్లుగా అంటోందో. కూర్చుంటా, రెండు నిమిషాలు. చివరికి మెడనొప్పి తట్టుకోలేక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే, ఆవిడ నన్ను తిన్నగా నిలబెట్టి, రెక్కల ఎముకల మధ్య రెండు టేపు ముక్కలు అడ్డంగా అతికించి పంపేసింది. ఇదేం వైద్యం అనుకున్నా. కానీ ఆఫీసులో ల్యాప్‌టాప్ మీదకి వంగిన ప్రతిసారీ వీపు మీద చర్మం లాగుతుంటే అప్పుడర్థమైంది, నేను వంగే కూర్చుంటున్నా, మధ్యమధ్యలో లేస్తున్నా అంతే!

ఇంకో తమాషా. మడమలు, వీపు, తల గోడకి ఆనించి నిలబడమంది. నాకేమో వెనక్కి పడిపోతున్నట్టుంది, పక్కనున్న అద్దంలో చూస్తే శుభ్రంగా నిటారుగా ఉన్నా. అంటే ఇన్నాళ్లూ వంకరే నాకు తిన్నగా అనిపించిందన్నమాట. కండరాలు, కీళ్లలోని నరాల కొసలు ఒళ్లు ఎలా ఉందో మెదడుకి చెబుతూనే ఉంటాయి, షెరింగ్టన్ అనే శాస్త్రవేత్త 1906లోనే దానికి ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టాడు, కాకపోతే రోజూ అదే వంకర కబురు వింటే మెదడు దాన్నే మామూలు అనుకుంటుంది.

మా నాయనమ్మకి ఏ టేపూ అక్కర్లేకపోయింది. నెత్తి మీద నీళ్లబిందె ఉండేది, మెడ వాలిస్తే అప్పటికప్పుడే ఒళ్లు తడిసేది.

నాకు మాత్రం రెండో రోజుకే టేపు కింద దురద మొదలై పీకేశా. ఇప్పుడు టీకి లేచినప్పుడల్లా ప్యాంట్రీ గోడకి అతుక్కుని నిలబడుతున్నా, చూసేవాళ్లు ఏమనుకుంటున్నారో ఏమో.