చేతక్‌కి రంగు: గన్ను కొనే ముందు వేయాల్సిన గాలి లెక్క

నాన్నగారి చేతక్ స్కూటర్ ఇప్పుడు విజయవాడ గుణదలలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ముక్కలుగా ఉంది. బాడీ విప్పి, పాత రంగు గీకి, తుప్పు తిన్నచోట ఆటోనగర్‌లో టింకరింగ్ చేయించి తెచ్చేసరికి దసరా వెళ్లిపోయింది. ఇంజన్ సంగతి ఇంకోసారి రాస్తాను. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా నా ఆదివారాలన్నీ స్ప్రే గన్‌తోనే గడిచాయి. సొంతంగా బండికి రంగు వేసుకోవాలనుకునేవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

కార్తీకం, మొదటి గన్ను

గవర్నర్‌పేటలో 1,100 రూపాయలు పెట్టి ఒక హెచ్‌వీఎల్‌పీ గన్ కొన్నాను. పైన కప్పు ఉండే రకం. 1.4 మిల్లీమీటర్ల నాజిల్ బిగించి ఉంది, 1.7ది విడిగా ఇచ్చారు. హెచ్‌వీఎల్‌పీ అంటే గాలి ఎక్కువ, ఒత్తిడి తక్కువ. రంగును చిదిమే క్యాప్ దగ్గర ఒత్తిడి 10 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాటదు. అందుకని రంగు రేకుకి తగిలి ఎగిరిపోకుండా నిలుస్తుంది. మామూలు గన్‌తో కొట్టిన రంగులో దాదాపు మూడో వంతే రేకు మీద మిగులుతుంది, ఇందులో 65 శాతం దాకా నిలుస్తుంది. నాకు కావలసిందీ అదే. పక్కింటి పిన్నిగారు మేడ మీద వడియాలు పెడతారు. మా షెడ్డుకీ వాళ్ల మేడకీ మధ్య ఉన్నది ఒక్క గోడ. గాల్లో తేలే రంగు ఎంత తగ్గితే అంత మంచిది.

పాత బీరువా తలుపు మీద ప్రయత్నించాను. సగం తలుపు దాకా అద్దంలా పడింది. సగం దాటాక చుక్కలు చుక్కలుగా, నారింజ తొక్కలా వచ్చింది. థిన్నర్ తక్కువైందనుకుని ఇంకాస్త కలిపాను, ఈసారి కారింది. నాజిల్ మార్చాను, అదే కథ. గన్ను నాసిరకం అయి ఉంటుందని తీర్మానించుకున్నాను. ఇలా మూడు ఆదివారాలు పోయాయి.

బాబాయ్ వచ్చిన రోజు

మా బాడీకి టింకరింగ్ చేసిన షెడ్డు పక్కనే ముప్ఫై ఏళ్లుగా లారీ క్యాబిన్లకు, కార్లకు రంగులు వేసే పెయింటర్ ఉన్నారు. నేను బాబాయ్ అని పిలుస్తాను. ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, గన్ను చేతిలోకి తీసుకుని, కప్పులో రంగు పోయకుండానే ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నారు. ఆయన చూపు గన్ను మీద లేదు, కంప్రెసర్ మీటరు మీద ఉంది. ముల్లు దిగిపోతూ ఉంది.

"గన్నుని తిడుతున్నావు గానీ అబ్బాయ్, దానికి గాలేదీ? నీ కంప్రెసర్ ఎంత ఇస్తుందో లెక్క చూశావా?"

"రెండు హార్స్‌పవర్ బాబాయ్, 50 లీటర్ల ట్యాంకు."

"అది మోటారు లెక్క. గాలి లెక్క చెప్పు."

ఆ రాత్రే లెక్క వేశాను. ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. గన్ తీసేసి, ట్యాంకులో గాలి 60 పీఎస్ఐకి తగ్గనిచ్చి, మోటారు వేసి, మీటరు 60 నుంచి 90కి ఎక్కడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్‌లో చూశాను. 48 సెకన్లు. మామూలు వాతావరణ ఒత్తిడి 14.7 పీఎస్ఐ కాబట్టి, పెరిగిన 30ని 14.7తో భాగించి ట్యాంకు లీటర్లతో గుణిస్తే దాదాపు 102 లీటర్లు. 48 సెకన్లలో 102 అంటే నిమిషానికి 127 లీటర్లు. ఒక సీఎఫ్ఎం అంటే నిమిషానికి ఒక ఘనపుటడుగు గాలి, అంటే 28.3 లీటర్లు గనక నా కంప్రెసర్ నిజంగా ఇచ్చేది నాలుగున్నర సీఎఫ్ఎం. దాని లేబుల్ మీద 7 అని ఉంది. పిస్టన్ ఒక్కో తిప్పుకి ఊడ్చే ఘనపరిమాణాన్ని బట్టి వేసే అంకె అది. బయటికొచ్చే గాలి ఎప్పుడూ అంతకంటే తక్కువే ఉంటుంది.

నా హెచ్‌వీఎల్‌పీ గన్ పెట్టె మీద చూస్తే 10 సీఎఫ్ఎం కావాలని ఉంది. అంటే నిమిషానికి 283 లీటర్లు. వచ్చేది 127, పోయేది 283. మిగతాదంతా ట్యాంకు నిల్వలోంచి రావాలి. 100 పీఎస్ఐ నుంచి 50 దాకా దిగేలోపు ట్యాంకు ఇవ్వగలిగింది 170 లీటర్లే. నిమిషం దాటిన కాసేపటికి గాలి చాలదు. బీరువా తలుపు సగంలోనే ఎందుకు చెడుతోందో కాగితం మీద కనబడింది. అనవసరంగా థిన్నర్ మీదా గన్ను మీదా నెపం వేశాను.

ఏ గన్నులు చూశాను

అప్పటి నుంచి షాపుల్లో నా మొదటి ప్రశ్న ధర కాదు, ఎన్ని సీఎఫ్ఎం అని. కొన్ని చౌక గన్నుల పెట్టెల మీద ఆ అంకె ఉండదు. లేకపోతే కొనకండి.

బాబాయ్ వాడేది పాత పైలట్ కంపెనీ గన్, డబ్బా కింద ఉండే రకం. లారీ తలుపులకు అది బంగారం. డబ్బా పెద్దది, మాటిమాటికీ నింపక్కర్లేదు. కానీ రంగును కింద నుంచి పైకి పీల్చాలి కాబట్టి ఒత్తిడి ఎక్కువ పెట్టాలి, అడుగున కొంత రంగు ఎప్పుడూ మిగిలిపోతుంది. వంపులూ సందులూ ఉన్న స్కూటర్ బాడీ కింద గన్నును వంచి కొట్టాలంటే పై కప్పు గన్నే సుఖం.

అనెస్ట్ ఇవాటా డబ్ల్యూ-71 నాకు చాలా నచ్చింది. చేతిలో ఇమిడే తీరు వేరు, నాజిల్ పనితనం చూస్తేనే తెలుస్తుంది. ఎక్కువ ఒత్తిడి మీద నడిచే సాంప్రదాయ గన్ అది, గాల్లోకి పోయే రంగు ఎక్కువ. వడియాలు గుర్తొచ్చి ఆగాను. జర్మనీ సాటా గన్నులు చూడటానికి మాత్రమే చూశాను. బూత్ (రంగు కొట్టడానికి కట్టిన మూసిన గది) ఉన్నవాళ్లకు, రోజూ పని ఉన్నవాళ్లకు అవి సరైనవి.

కరెంటుతో నడిచే గోడల స్ప్రేయర్లు కూడా చూపించారు. బండి రంగుకి ఆ నాణ్యత చాలదు, అటు వెళ్లొద్దు.

చివరికి ఎల్‌వీఎల్‌పీ రకంలో 1.3 నాజిల్ గన్ తీసుకున్నాను, 2,900 రూపాయలు. దీనికి గాలీ తక్కువే, ఒత్తిడీ తక్కువే. పెట్టె మీద 3.5 నుంచి 5 సీఎఫ్ఎం అని ఉంది. ఇందులో లోటు ఏమిటంటే రంగు పరుచుకునే విసనకర్ర సన్నగా ఉంటుంది, చెయ్యి నెమ్మదిగా నడపాలి. కారు బానెట్ అయితే ఇబ్బందే. స్కూటర్‌లో అతి పెద్ద ముక్క ముందు షీల్డ్, దానికి సరిపోతుంది.

పైపు కూడా గన్నులో భాగమే

నేను పట్టించుకోని ఇంకో దొంగ పైపు. లోపల 6 మిల్లీమీటర్లున్న చుట్టల పైపు వాడేవాణ్ణి. గన్‌కి పైపు తగిలే చోట చిన్న మీటరు బిగించి చూస్తే, రెగ్యులేటర్ దగ్గర 40 పెట్టినా ట్రిగ్గర్ నొక్కగానే గన్ దగ్గర 26కి పడిపోయేది. 8 మిల్లీమీటర్ల తిన్నని రబ్బరు పైపు వేశాక 34 దగ్గర నిలబడింది. ఒత్తిడి ఎప్పుడు చూసినా ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే చూడాలి.

నీళ్ల సంగతి మన ఊళ్లో మరీ ముఖ్యం. కృష్ణ ఒడ్డు గాలి. గంట నడిపి ట్యాంకు అడుగున కాక్ విప్పితే గ్లాసెడు నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లు రంగులోకి వెళ్తే పొక్కులే. రెగ్యులేటర్ పక్కన నీటి ఫిల్టర్ పెట్టాను. దాన్ని కంప్రెసర్‌కి ఆనించి కాకుండా పైపు చివర్లో పెట్టమన్నారు బాబాయ్. కంప్రెసర్‌లోంచి గాలి వేడిగా వస్తుంది, చల్లబడ్డాకే నీరు విడుతుంది. కంప్రెసర్‌ని షెడ్డు బయట, దూరంగా ఉంచాను. థిన్నర్ ఆవిరి దగ్గర మోటారు నిప్పురవ్వ ఉండకూడదు.

ధనుర్మాసం, అట్ట మీద పరీక్షలు

కొత్త గన్‌ను రేకు ముందు పెట్టే ముందు రెండు ఫ్రిజ్ అట్టపెట్టెలు ఖర్చు చేశాను. గన్ కదపకుండా ఒక్క క్షణం నొక్కి వదిలితే నిలువు కోడిగుడ్డులా మచ్చ పడాలి. రెండు కొసలా రంగు ఎక్కువై మధ్యలో పలచగా ఉంటే ఒత్తిడి ఎక్కువ, లేదా రంగు మరీ పలచన. మధ్యలోనే గుమిగూడితే గాలి తక్కువ, లేదా రంగు చిక్కన. ఒక కొసకే బరువుగా పడితే ఎయిర్ క్యాప్‌ని సగం చుట్టు తిప్పి మళ్లీ కొట్టాలి. మచ్చ కూడా తిరగబడితే లోపం క్యాప్ రంధ్రాల్లో ఉంది. తిరగకపోతే నాజిల్‌లో. కప్పులో బుడగలు వస్తుంటే నాజిల్ బిగువు చాల్లేదని అర్థం.

చిక్కదనానికి ఫోర్డ్ కప్పు బీ4 వాడుతున్నాను. అడుగున 4 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న కప్పు అది. నిండా పోసి, ధార తెగేదాకా సెకన్లు లెక్కపెట్టాలి. నా రంగుకి 16 సెకన్లు కుదిరింది. కంటితో చూసి కలిపిన రోజులకీ దీనికీ పోలికే లేదు.

గన్ కడగడం దగ్గర ఒక్క మాట. క్యాప్ రంధ్రాల్లో ఇనుప తీగ పెట్టొద్దు. వెదురు పుల్ల చాలు. గన్ మొత్తాన్ని థిన్నర్‌లో నానబెడితే లోపలి సీళ్లు ఉబ్బుతాయి. ఆ రంధ్రాలు శుభ్రం చేస్తున్నప్పుడు నాకు డీవిల్‌బిస్ కథ గుర్తొస్తుంది. అమెరికాలోని టొలీడోలో అలెన్ డీవిల్‌బిస్ అనే డాక్టరు 1888లో గొంతులోకి మందు చిమ్మే పరికరం తయారుచేశారు. ఆయన కొడుకు థామస్ 1907లో అదే సూత్రంతో రంగు కొట్టే గన్ చేశారు. గొంతు మందు తుంపరకీ మా చేతక్ రంగుకీ చుట్టరికం ఉందని తెలిశాక ఆ చిన్న ఇత్తడి ముక్క మీద గౌరవం పెరిగింది.

ప్రైమర్, పాత గన్‌తోనే

1,100 గన్‌ను పారేయలేదు. దానికి 1.7 నాజిల్ వేసి ఎపాక్సీ ప్రైమర్‌కి వాడాను. ప్రైమర్ చిక్కగా ఉంటుంది, 1.3లోంచి సరిగా రాదు. ఒక నిమిషం కొట్టడం, నిమిషంన్నర ఆగడం, ట్యాంకు నిండాక మళ్లీ కొట్టడం. ఎలాగూ తర్వాత ఉప్పు కాగితంతో రుద్దుతాం కాబట్టి కాస్త గరుకు పడినా నష్టం లేదు. తడి చేసి 400 నంబరు, తర్వాత 800 నంబరు రుద్దాను. రుద్దడానికి నాలుగు రోజులు పట్టింది, చెప్పుకోవడానికి అంతకంటే ఏమీ లేదు.

క్లియర్ నేను కొట్టను

ఇది తేల్చుకోవడానికి టెన్షన్ పడ్డాను. రంగు మీద చివరగా కొట్టే పారదర్శక పూత పీయూ (పాలీయురెథేన్) క్లియర్. అందులో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఊపిరితిత్తులకు ఒకసారి పడకపోతే, తర్వాత కొంచెం తగిలినా ఆస్తమా వస్తుంది. వాసన తెలిసేలోపే హాని జరిగిపోవచ్చు. ఫిల్టర్ గుళికలు బిగించే మాస్కు రంగు ఆవిరికి పనికొస్తుంది గానీ, దీనికి బయటి నుంచి మంచి గాలి పైపుతో అందించే మాస్కు ఉండటమే సరైన పద్ధతి. నా దగ్గర అది లేదు. పక్కన పిల్లలున్న ఇళ్లు. కాబట్టి ప్రైమరూ రంగూ ఇంట్లో, క్లియర్ మాత్రం ఆటోనగర్‌లో బాబాయ్‌కి తెలిసిన బూత్‌లో అని నిశ్చయించుకున్నాను. పలచని రంగు కోటు మాత్రమే కొట్టాలి కాబట్టి నా సన్న విసనకర్ర గన్ ఎంపికకి ఇది ఇంకో కారణం అయింది.

భోగికి ముందు ఆదివారం

భోగి మంటలు మొదలైతే గాల్లో బూడిద ఉంటుంది, కనుక అంతకుముందే కానివ్వాలి. తెల్లవారుజామున మంచు, పదింటికి గానీ రేకు తడి ఆరలేదు. పిన్నిగారికి ముందురోజే చెప్పాను, వడియాలు ఆ రోజు పెట్టలేదు. షెడ్డు నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణిచాను.

రంగు లేత నీలం. టూల్‌బాక్స్ మూత లోపలి వైపు ఎండ తగలని పాత రంగు మిగిలి ఉంటే, దాన్ని పట్టుకెళ్లి కలిపించాను. గన్‌ను రేకుకి జానెడు కంటే కాస్త తక్కువ దూరంలో, మణికట్టు తిప్పకుండా, మోచెయ్యి మొత్తం కదుపుతూ కొట్టాను. ఒక్కో వరస మీద సగం దాకా తర్వాతి వరస ఎక్కాలి. మూడు పలచని కోట్లు, మధ్యలో పావుగంట చొప్పున. మీటరు ముల్లు ఒక్కసారి కూడా 60 కిందికి రాలేదు. ఆ ముల్లు వంక చూస్తుంటే మూడు ఆదివారాల దిగులు తీరిపోయింది.

24 గంటల్లోపు క్లియర్ పడాలని డబ్బా మీద ఉంది. బట్ట కప్పితే నూలు అంటుకుంటుందని బాబాయ్ హెచ్చరించడంతో, ముక్కల్ని కర్రలకు కొక్కేలతో వేలాడదీసి ట్రాలీ ఆటోలో నెమ్మదిగా తీసుకెళ్లాం. బూత్ లైట్ల కింద బాబాయ్ ముందు షీల్డ్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "కింద అంచు దగ్గర పొడిగా పడింది, చెయ్యి దూరం జరిపావు. మిగతాదంతా బాగుందబ్బాయ్," అన్నారు. ఆ అంచును పన్నెండు వందల నంబరుతో మెల్లగా రుద్ది, నా గన్‌తోనే, నా చేతే మళ్లీ కొట్టించారు. తర్వాత గాలి మాస్కు తగిలించుకుని తలుపు వేసుకున్నారు.

సాయంత్రం తలుపు తీసేసరికి షీల్డ్‌లో ట్యూబ్‌లైటు తిన్నగా కనిపించింది. ముందు మడ్‌గార్డ్, హ్యాండిల్ తల, రెండు చక్రాల రిమ్ములు ఇంకా ప్రైమర్ దగ్గరే ఉన్నాయి. కనుమ మర్నాడు మళ్లీ మొదలుపెడతాను.