దిమాపూర్ బండి, 31వ డివిజన్

ఉదయం నుంచి ముసురు. ఈ వానకి చెరువు గట్టు మీద బండి దిగబడిందంటే ట్రాక్టర్ కట్టి లాగాల్సిందే. అందుకే నాగాలాండ్‌లోని దిమాపూర్‌కి వెళ్లే చేపల లోడు మధ్యాహ్నం దాకా తేలలేదు. బొచ్చె, శీలావతి ట్రేలలో సర్ది, పొరపొరకీ ఐసు వేసి, పైన పట్టా బిగించేసరికి రెండు దాటింది. ఈలోగా నేను కాటా పక్కన కుర్చీ వేసుకుని ఫోన్‌లో కోహిమా యుద్ధం (రెండో ప్రపంచ యుద్ధంలో నాగా కొండల్లో జపాన్, బ్రిటిష్ సేనల మధ్య జరిగింది) చదువుతూ కూర్చున్నాను. ఈమధ్య ఇదే పిచ్చి. మా ఆకివీడు చేపలు వెళ్లే ఊరు ఎక్కడుందా అని మ్యాప్‌లో చూడబోయి, జపాన్ వాళ్ల 31వ పదాతి డివిజన్ (వేల మంది సైనికుల దళం) దగ్గర ఇరుక్కుపోయాను.

మా తాతల తరానికి జపాన్ అంటే 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద పడ్డ బాంబులే. అది నౌకాదళం పని. ఈ డివిజన్ కథ వేరు. 1943లో బ్యాంకాక్‌లో, తలో చోటా ఉన్న రెజిమెంట్లను పోగేసి దీన్ని తయారుచేశారు. కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ సాటో కొతోకు. 1944 మార్చి 15 రాత్రి బర్మాలో చింద్విన్ నది దాటి కోహిమా దారి పట్టారు. చేతిలో ఉన్నది మూడు వారాల తిండి. ఆపైన? ఈలోగా బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉన్న ఇంఫాల్ పడిపోతుంది, అక్కడి గోడౌన్లు మనవే అవుతాయని సాటో పైనున్న 15వ సైన్యం అధిపతి ముతాగుచి రెన్యా ధీమా.

వెంట వేల పశువుల్ని కూడా తోలుకెళ్లారు. దారిలో సామాను మోస్తాయి, అవసరమైతే కోసుకు తినొచ్చు అని. చెంఘిజ్ ఖాన్ సేనలు అలాగే నడిచాయని ముతాగుచికి గురి. ఎద్దుని దగ్గర నుంచి చూసినవాడెవడూ ఆ మాట అనడు. అలవాటు లేని బరువు వీపున కడితే అది పది అడుగులు వేసి మొరాయిస్తుంది. చాలా పశువులు నదిలోనే కొట్టుకుపోయాయి. మిగిలినవి నిటారు కొండలెక్కలేక కూలబడ్డాయి, కొన్ని మూటలతో సహా లోయలో పడ్డాయి.

లోడు ఎక్కించడం నాకు రోజూ ఉండే పనే కాబట్టి ఇక్కడ మనసు ఊరుకోలేదు. మా బండికైతే దారిలో మళ్లీ ఐసు ఏ ఊళ్లో దొరుకుతుందో తెలియకుండా తాళం చెయ్యి డ్రైవర్ చేతికివ్వం. అక్కడ వేల మందిని పంపేశారు.

ఇంకో విచిత్రం ఏమిటంటే, అప్పట్లో బ్రిటిష్ వాళ్ల సరుకు వచ్చి పడేది ఈ దిమాపూర్‌లోనే. 18 కిలోమీటర్ల పొడవు, కిలోమీటరున్నర వెడల్పు ఉన్న డిపో! కోహిమా నుంచి 74 కిలోమీటర్లు. ముతాగుచి అక్కడిదాకా పోదామన్నాడు, ఆయన పైనున్న కవాబె వద్దన్నాడు. సాటో కోహిమా దగ్గరే ఆగిపోయాడు. దిమాపూర్‌ని వదిలేసినందుకు బ్రిటిష్ జనరల్ స్లిమ్ తర్వాత ఆయన్ని చులకన చేశాడు.

దిమాపూర్‌లో ఖాళీ అవుతున్న మా ముందు బండి డ్రైవర్‌కి ఫోన్ చేసినప్పుడు ఉండబట్టలేక అడిగాను, "బాబాయ్, కోహిమా రోడ్డు ఎలా ఉంటుంది?" అని. "ఘాట్ రోడ్డు బాబూ. వానొస్తే కొండ విరిగి పడుద్ది. అయినా మనకెందుకు, సరుకు ఇక్కడే దింపేస్తాం కదా" అన్నాడు. అదీ నిజమే.

కోహిమాలో ముట్టడి ఏప్రిల్ మొదటి వారంలో మొదలైంది. డిప్యూటీ కమిషనర్ చార్లెస్ పాజీ బంగళా ముందున్న టెన్నిస్ కోర్టుకి ఇటు వీళ్లు, అటు వాళ్లు. మధ్యలో బంతులకు బదులు గ్రెనేడ్లు. చివరికి మే 13న బ్రిటిష్ వాళ్లు ఆ కోర్టు మీదికే ఒక ట్యాంకు దింపారు. అప్పటికి జపాన్ సైనికులు నాగా ఊళ్ల గాదెలు ఊడ్చి తింటున్నారు. గాదె పోగొట్టుకున్న ఆ రైతుల గురించి మాత్రం ఎవరూ నాలుగు ముక్కలు రాయరు.

చింద్విన్ దాటాక ఒక్క తూటా, ఒక్క గింజ బియ్యం రాలేదని సాటో పైవాళ్లకి కబురు పెట్టి, ఉండమన్నా వినకుండా మే 31న వెనక్కి తిరిగాడు. జపాన్ సైన్యంలో ఒక డివిజన్ కమాండర్ అలా చేయడం అంతకుముందు లేదు. వెనక్కి వచ్చే దారిలో ఉఖ్రూల్‌లో తిండి ఉంటుందనుకున్నారు, లేదు. హ్యూమైన్ వెళ్లారు, అక్కడా లేదు. జూన్ వానలు, విరేచనాలు, మలేరియా. ఇంఫాల్, కోహిమా కలిపి చనిపోయిన దాదాపు 30,000 మంది జపాన్ సైనికుల్లో ఎక్కువమంది ఆకలికీ జబ్బులకే పోయారు.

జులైలో సాటోని తీసేశారు. కోర్ట్ మార్షల్ పెట్టండి, అక్కడ అన్నీ చెబుతానన్నాడు. ఆ భయానికే కాబోలు, మతి సరిగా లేదని డాక్టర్ల చేత రాయించి విచారణ లేకుండా చేశారు. మతి ఎవరికి సరిగా లేదో ఎద్దుల సంగతి చదివినవాళ్లకి తెలుస్తుంది.

అలాగని సాటోని నెత్తిన పెట్టుకోలేను. వెనక్కి తిరిగేటప్పుడు తన కిందున్న మేజర్ జనరల్ మియజకిని కొన్ని వందల మందితో కోహిమా-ఇంఫాల్ రోడ్డు మీద అడ్డంగా నిలబెట్టి, తక్కినవాళ్లని తీసుకుని వెళ్లాడు. ఆ కొద్దిమందీ వంతెనలు కూలుస్తూ, మైన్లు పాతుతూ రోజుల తరబడి దారి ఆపారు. జూన్ 22న 109వ మైలురాయి దగ్గర, కోహిమా వైపు నుంచీ ఇంఫాల్ వైపు నుంచీ వచ్చిన బ్రిటిష్ సేనలు కలుసుకునే వరకూ ఆ రోడ్డు తెరుచుకోలేదు. బియ్యం లేదని డివిజన్ని మళ్లించినవాడు వీళ్లకి ఏం వదిలి వెళ్లాడు, ఎన్ని రోజులకి వదిలి వెళ్లాడు? ఇవాళ అది వెతుకుతూనే రాత్రి పదకొండయింది.