సోయా సాస్ లేని బీఫ్ వేపుడు

ధాన్యాలు, పప్పులు మానేసే పేలియో డైట్ మొదలుపెట్టి మూడో వారం. అన్నం లేదన్న బాధ కన్నా సోయా సాస్ లేదన్న బాధే ఎక్కువగా ఉంది, ఎందుకంటే సోయా పప్పుజాతి, పైగా మామూలు సాస్‌లో గోధుమ కూడా కలుస్తుంది, రెండూ ఇందులో కుదరవు. బదులుగా కోకోనట్ అమినోస్ అని, కొబ్బరిపూల రసంతో చేసే సాస్ వాడుతున్నా. పేరుకే కొబ్బరి, ఆ వాసనేం రాదు, కాస్త తియ్యగా ఉంటుంది.

అరకిలో ఫ్లాంక్ స్టేక్‌ని (పొట్ట దగ్గరి బీఫ్ ముక్క) అరగంట ఫ్రీజర్‌లో పెడితే కత్తికి జారకుండా పల్చగా తెగుతుంది. మాంసంలో పొడుగ్గా నారలు కనిపిస్తాయి కదా, వాటికి అడ్డంగా కోయాలి. మొదటిసారి నేను నిలువుగా కోసేశా, మా ఆయనా నేనూ దవడలు నొప్పెట్టేదాకా నమిలాం!

మూకుడు పొగలు కక్కాలి. ముక్కలన్నీ ఒకేసారి కుమ్మరిస్తే నీరూరి, వేగడం మానేసి ఉడుకుతాయి, అందుకే రెండు వాయలుగా, ఒక్కోటి రెండు నిమిషాలు. తీసి పక్కన పెట్టి, అదే మూకుట్లో అల్లం, వెల్లుల్లి, బ్రకోలీ, క్యాప్సికం వేయించి, కరకరలాడుతుండగానే మాంసం కలిపి, మూడు చెంచాల అమినోస్ పోస్తే అయిపోయినట్టే. నేనైతే రెండు పచ్చిమిర్చి కూడా చీరి వేస్తా. పేలియో వాటిని వద్దనలేదుగా.