వస్తోంది, ఉండండి

పొద్దున్న ఐదుంపావుకి ఫోన్ మోగితే ఎవరికైనా టెన్షనే. ఎత్తితే నాన్న. "అమ్మా, మళ్ళీ నల్లగా వచ్చిందే. ఇంగ్లీషు అక్షరాలు గబగబా పైకి పోతన్నాయి. ఆపేసేను."

ఆపేయడమంటే పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం. ఆ వారంలో అది మూడోసారి.

నాన్న షిప్‌యార్డ్‌లో వెల్డర్‌గా చేసి రిటైరయ్యారు. వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్‌కి దగ్గర్లోనే పాత ఇంట్లో ఆయనా అమ్మా ఉంటారు. నేను ఎంవీపీ కాలనీలో. ఐదింటికి లేచి కంప్యూటర్‌లో ఈ-పేపర్ చదవడం ఆయనకి అలవాటు. విండోస్ 7కి 2020 జనవరి 14తో సపోర్ట్ ఆగిపోయాక ఆ పాత మిషన్‌లో దాని బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. హార్డ్ డిస్క్ పాతది కాబట్టి డెస్క్‌టాప్ రావడానికి నిమిషం దాటుతుంది. డిస్క్ ఎక్కడ నెమ్మదిస్తోందో చూద్దామని గ్రబ్ (ఆన్ చేయగానే లినక్స్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాం) సెట్టింగుల్లో 'క్వయట్ స్ప్లాష్' అనే రెండు మాటలు తీసేశాను. అవి లేకపోతే లోపల జరిగే ప్రతి పనీ తెర మీద వరుసగా కనిపిస్తుంది. నాకు పనికొచ్చే సమాచారం అది. నాన్నకి మాత్రం ఏదో పాడైపోయినట్టే.

ఆ రెండు మాటలూ తిరిగి పెట్టాను. మింట్ గుర్తు వచ్చింది. "ఇదేటి, ఈ గుర్తుకి అర్థం ఏటి?" అన్నారు. నిజమే కదా. నిమిషం పాటు మనిషి ఎదురుగా నిలబడే తెర ఒక్క ముక్క కూడా తెలుగులో చెప్పదు. ఆ తెరని నేనే తయారు చేస్తానన్నాను.

ఇది నాకు పూర్తిగా కొత్త పని కాదు. ద్వారకానగర్‌లో కంప్యూటర్ నేర్చుకునే రోజుల్లో విండోస్ 98 మొదలయ్యేటప్పుడు మన బొమ్మ కనిపించాలని సీ డ్రైవ్‌లో లోగో డాట్ సిస్ అనే ఫైల్ పెట్టేవాళ్ళం. పేరు అలా ఉన్నా అది మామూలు బిట్‌మ్యాప్ బొమ్మే. 320 అడ్డం, 400 నిలువు, 256 రంగులు, సరిగ్గా 1,29,078 బైట్లు. తెర మీద అది అడ్డంగా సాగి కనిపిస్తుంది. అందుకని ముందు 640, 480 కొలతల్లో గీసుకుని, తర్వాత 320, 400కి నొక్కేవాళ్ళం. బొమ్మ అడుగున పాకే ఆ పట్టీ ఉండేది చూడండి, అది కదిలే బొమ్మ కానే కాదు. ఫైల్‌లోని రంగుల పట్టికలో వరుస మారుస్తూ పోతే కదిలినట్టు కనిపించేది. నాకు డిజైన్ మీద ఇష్టం పుట్టింది అక్కడే అనుకుంటాను. ఇప్పుడు డీటీపీ పనే నా బతుకుతెరువు.

లినక్స్‌లో మొదటి తెర మీద బొమ్మ చూపించే పని చేసేది ప్లిమత్ అనే ప్రోగ్రాం. 2008లో ఫెడోరా అనే లినక్స్ రకం పదో వెర్షన్‌తో వచ్చింది, 2010లో ఉబుంటు అనే ఇంకో రకం 10.04 వెర్షన్ కూడా తీసుకుంది. మింట్ ఉబుంటు మీద కట్టిందే కాబట్టి ఇందులోనూ అదే. ఆ తెర రూపాన్ని థీమ్ అంటారు, అదొక ఫోల్డర్. అందులో థీమ్ పేరు, బొమ్మలున్న చోటు చెప్పే చిన్న ఫైల్ ఒకటి, ఏ బొమ్మ ఎక్కడ రావాలో చెప్పే స్క్రిప్ట్ ఒకటి, మిగతావి పీఎన్‌జీ బొమ్మలు. స్క్రిప్ట్‌లో రిఫ్రెష్ అనే ఫంక్షన్‌ని ప్లిమత్ సెకనుకి 50 సార్ల దాకా పిలుస్తుంది. కదలిక ఏదైనా అందులోనే రాయాలి.

బొమ్మ గురించి ఆలోచించే పని లేకపోయింది. మా డాబా ఎక్కితే ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌస్. చీకట్లో కొండ నల్లటి అంచు, పైన వెలుగు. బూట్ తెర, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పటి తెర, నల్లగా ఉంటే కంటికి హాయి, పైగా బొమ్మ సైజు కూడా తక్కువ. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాంలో కొండ గీశాను. లైట్ చుట్టూ తిరిగే కిరణాన్ని పది డిగ్రీలకొకటి చొప్పున 36 ఫ్రేములు చేశాను. రెండు రాత్రులు పట్టింది.

మాటల దగ్గరే ఎక్కువసేపు ఆగిపోయాను. 'ప్రారంభించబడుతోంది' అని మనుషులెవరూ అనరు. 'లోడ్ అవుతోంది' అంటే నాన్నకి లారీ గుర్తొస్తుంది. వంటింట్లోంచి అమ్మ "పేపర్ వచ్చిందా?" అని అడిగితే ఆయన రోజూ ఏమంటారో గుర్తు చేసుకున్నాను. "వస్తంది, ఉండు." అదే పెట్టాను: 'వస్తోంది, ఉండండి'.

స్క్రిప్ట్‌లో నేరుగా ఆ మాటలు టైప్ చేస్తే తెర మీద వరుసగా డబ్బాలు వచ్చాయి. దానికి కారణం ఉంది. లినక్స్‌కి గుండెకాయలాంటి కెర్నల్ మొదలైన వెంటనే అసలు డిస్క్ ఇంకా తెరుచుకోదు. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న మూట ఒకటి ముందు మెమరీలోకి వస్తుంది. ప్లిమత్ ఆ మూటలోంచే పని మొదలుపెడుతుంది. అందులో తెలుగు ఫాంటు లేదు. చేర్చే దారి ఉంది గాని, రెండు మాటల కోసం అంత అక్కర్లేదు. అక్షరాలని బొమ్మగా మార్చేస్తే చాలు. 'స్తో' అని మనం ఒక్కటిగా చూసేదాన్ని కంప్యూటర్ స, పొల్లు, త, ఓత్వం అని నాలుగు ముక్కలుగా దాచుకుంటుంది. వాటిని కలిపి రాసే ఏర్పాటు లేని చోట ఒత్తు ఊడి పక్కన పడుతుంది. శుభలేఖల పనిలో ఆ బాధ ఎన్నిసార్లు పడ్డానో. బొమ్మకి ఆ భయం లేదు. రామభద్ర ఫాంటు వేస్తే మరీ బరువుగా ఉంది. మండలి ఫాంటు తీసుకుని, నాన్న కళ్ళజోడు లేకుండా చదవగలిగేంత పెద్దది చేశాను.

ఎవరైనా ప్రయత్నిస్తే రెండు జాగ్రత్తలు. థీమ్ మార్చిన ప్రతిసారీ అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కమాండ్ ఇవ్వాలి. లేకపోతే మూటలో పాత బొమ్మే ఉండిపోతుంది, మీరు ఎంత మార్చినా పాతదే వస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే, పాస్‌వర్డ్ అడిగే భాగం కూడా మీ స్క్రిప్ట్‌లో ఉండాలి. అది రాయకపోతే అడుగుతున్నట్టు కూడా తెర మీద కనిపించదు. లోపలి సంగతులు చూడాలంటే ఎస్కేప్ నొక్కితే ఆ అక్షరాల వరుస వస్తుంది. అది నాకోసం అలాగే ఉంచాను.

ఆదివారం వెళ్ళి ఇంట్లో పెట్టాను. నాన్న కుర్చీ దగ్గరగా లాక్కుని చూశారు. "కొండ బాగుంది. లైట్ తప్పు."

డాబా మీదకి తీసుకెళ్ళారు. అప్పటికి చీకటి పడింది. "ఏదీ, కిరణం తిరగడం ఎక్కడైనా కనపడతందా? దూరం నుంచి చూస్తే వెలగడం, ఆరడమే. ప్రతి లైట్‌హౌస్‌కీ దాని లెక్క దానికుంటాది. ఆ లెక్క చూసే ఓడలోవాళ్ళు ఇది ఫలానా ఊరు అని పోల్చుకుంటారు. నువ్వు వేరే లెక్క పెడితే అది వైజాగ్ లైట్ ఎలాగవుద్ది?"

ఏళ్ళ తరబడి ఈ డాబా మీద పడుకున్నాను. ఒక్కసారి కూడా ఇలా చూడలేదు. ఆయన వాచీ చూస్తూ వెలిగినప్పుడల్లా "ఇదిగో" అన్నారు, నేను సెకన్లు రాసుకున్నాను. నాలుగైదు సార్లు సరిచూసుకుని కిందికి దిగాం. 36 ఫ్రేములూ తీసేశాను. ఒక్క వెలుగు బొమ్మ ఉంచి, సెకన్లని యాభైతో హెచ్చించి, ఆ లెక్కన దాని ఒపాసిటీ, అంటే ఎంత స్పష్టంగా కనిపించాలన్నది, పెరిగి తగ్గేట్టు రాశాను. మూట కూడా తేలికైంది.

ఇంకొకటి మిగిలింది. షట్‌డౌన్ చేసినప్పుడు కూడా అదే తెర వచ్చి 'వస్తోంది, ఉండండి' అంటోంది. ఇప్పుడు జరుగుతున్నది బూటా, షట్‌డౌనా అని స్క్రిప్ట్ ప్లిమత్‌ని అడిగి తెలుసుకోవచ్చు. దాన్ని బట్టి వేరే బొమ్మ చూపించవచ్చు. 'వెళ్తోంది' అని టైప్ చేస్తుంటే అమ్మ వెనక నుంచి చూసింది.

"రాత్రిపూట వెళ్తోంది అంటావేంటే? వెళ్ళొస్తా అనాలి."

చెరిపి, 'వెళ్ళొస్తా' అని మండలిలోనే పెద్దగా రాసి, పీఎన్‌జీగా సేవ్ చేశాను.