18 వారాల లెక్క

2019లో నా భర్త ఉద్యోగ వీసా మీద మేమిద్దరం ఇంగ్లండుకు వచ్చినప్పుడు, విమానం ఎక్కకముందే ఇక్కడి ఆరోగ్య సేవల సర్‌ఛార్జి కింద ఒక్కొక్కరికి ఏడాదికి 400 పౌండ్ల చొప్పున, మూడేళ్లకు కలిపి 2,400 పౌండ్లు కట్టాము. 2024 ఫిబ్రవరి నుంచి ఆ రుసుము ఏడాదికి 1,035 పౌండ్లయింది. జీతంలో కోత పడే పన్నులు వేరు. అయినా ఆ డబ్బు విషయంలో నాకు ఫిర్యాదు లేదు. అన్యూరిన్ బెవన్ ఆరోగ్య మంత్రిగా ఉండగా 1948 జూలై 5న మొదలైన ఎన్‌హెచ్‌ఎస్ అనే ఈ ప్రభుత్వ ఆరోగ్య సేవ, వైద్యం చేసే ముందు రోగి జేబు తడమదు. మా పాప ఇక్కడే పుట్టినప్పుడు మాకు ఒక్క బిల్లు కూడా రాలేదు. నా సందేహమంతా, వైద్యుడు ఎవరిని ముందు చూడాలో, రోగి వంతు ఎప్పుడు రావాలో రోగి ముఖం ఎన్నడూ చూడని కార్యాలయాలు నిర్ణయించడం గురించే.

నాలుగేళ్లుగా నేను ఒక ఆసుపత్రి ఎముకల విభాగంలో అపాయింట్‌మెంట్లు చూసే గుమాస్తాగా పనిచేస్తున్నాను. జీపీ, అంటే రోగి మొదట వెళ్లే స్థానిక డాక్టరు, ఆసుపత్రికి పంపిన సిఫారసు (రిఫరల్) అందిన రోజున మా కంప్యూటర్‌లో ఆ రోగి పేరు మీద గడియారం మొదలవుతుంది. చికిత్స మొదలైన రోజున, లేదా చికిత్స అక్కరలేదని కన్సల్టెంట్ (ఆసుపత్రి నిపుణ వైద్యుడు) తేల్చిన రోజున అది ఆగుతుంది. ఎదురుచూస్తున్నవారిలో నూటికి 92 మంది గడియారం 18 వారాల లోపే ఉండాలన్నది ప్రభుత్వ లక్ష్యం. ఇంగ్లండు మొత్తం మీద చూస్తే 2016 తరువాత అది ఒక్కసారీ నెరవేరలేదు. 2023 సెప్టెంబరు నాటికి వెయిటింగ్ లిస్టులోని నమోదులు 77 లక్షలు దాటాయి.

లక్ష్యాలు పెట్టడమే తప్పని నేను అనను. 2000 తరువాతి దశాబ్దంలో, డబ్బూ తోడవడం వల్ల, ఏడాదికి పైబడిన ఎదురుచూపులు బాగా తగ్గాయి. అయితే లక్ష్యం చేజారినప్పుడు దాన్ని అందుకోవడానికి రెండు దారులుంటాయి: ఎక్కువమందికి వైద్యం చేయడం, లేదా లెక్కలో ఉన్నవారిని తగ్గించడం. మొదటిదానికి సర్జన్లు, మత్తు డాక్టర్లు, ఆపరేషన్ థియేటర్లు, పడకలు కావాలి. రెండవదానికి మాలాంటి గుమాస్తాలు చాలు.

డెబ్బై దాటిన ఒక పెద్దాయన సంగతి నన్ను ఇప్పటికీ వదలలేదు. తుంటి ఎముక అరిగి, మెట్లెక్కలేక, కింది గదిలోనే పడుకునేవారు. ఇల్లు మారిన సంగతి జీపీకి చెప్పారు గాని, మా కంప్యూటర్‌లో పాత చిరునామాయే మిగిలిపోయింది. మొదటి అపాయింట్‌మెంట్ ఉత్తరం పాత ఇంటికి వెళ్లింది. ఆయన రాలేదు కాబట్టి 'హాజరు కాలేదు' అని నమోదై, కేసు తిరిగి జీపీకి వెళ్లిపోయింది. అపాయింట్‌మెంట్ సమాచారం రోగికి స్పష్టంగా అంది ఉంటేనే అలా చేయాలని నిబంధనలోనే ఉంది; కానీ ఉత్తరం పంపినట్టు కంప్యూటర్ చూపిస్తే, అది అందిందా అని అడిగే బాధ్యత ఎవరిదీ కాదు. కొత్త రిఫరల్‌తో ఆయన గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలైంది. అంతకుముందు ఐదు నెలలు ఆయన పడిన నొప్పి ఏ లెక్కలోనూ లేకుండా పోయింది, మా విభాగం శాతం మాత్రం ఆ మేరకు మెరుగుపడింది. అందులో ఎవరి దురుద్దేశమూ లేదు, ప్రతి ఒక్కరూ తమ పని తాము చేశారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అదే.

ఇది నా ఒక్కదాని అనుభవమే అయితే ఇంత గట్టిగా రాయను. ఇంగ్లండులోని మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రి వ్యవహారంపై న్యాయవాది రాబర్ట్ ఫ్రాన్సిస్ జరిపిన విచారణ నివేదిక 2013 ఫిబ్రవరిలో వెలువడింది. రోగులకు కనీస సంరక్షణ కూడా అందని ఆ ఆసుపత్రిలో యాజమాన్యం దృష్టి ప్రభుత్వ లక్ష్యాల మీద, ఖర్చుల సర్దుబాటు మీద నిలిచిపోయిందని ఆ నివేదిక తేల్చింది. ఇక్కడ మాత్రం దిద్దుబాటు అనగానే శాఖల పేర్లు మారుతుంటాయి. రోజువారీ నిర్వహణను మంత్రుల నుంచి దూరం చేయడానికి 2012 చట్టంతో ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ అనే సంస్థను నెలకొల్పారు. దాన్ని రద్దుచేసి ఆ అధికారాలను తిరిగి మంత్రిత్వ శాఖలో కలిపేస్తామని 2025 మార్చిలో ప్రకటించారు. ఇలా పైన అధికారం చేతులు మారినప్పుడు కింద మాకు కొత్త ఫారాలు వస్తాయి. ఆ పెద్దాయన చిరునామాను సరిచూసే మనిషి మాత్రం ఏ మార్పులోనూ రాలేదు. జర్మనీలో ఆరోగ్య బీమా చట్టపరంగా తప్పనిసరే, అయినా బీమా నిధులనూ ఆసుపత్రులనూ ఒకే మంత్రిత్వ శాఖ నడపదు. కాబట్టి అందరి డబ్బుతో అందరికీ వైద్యం అందించాలంటే ప్రతి వంతునూ రాజధాని నుంచే శాసించాలన్న వాదన నాకు నమ్మదగినదిగా తోచదు.

ఆ పెద్దాయనకు చివరికి ఆపరేషన్ జరిగింది. అప్పటి నుంచి 'హాజరు కాలేదు' అని నమోదు చేసేముందు నేను ఆ రోగికి ఫోన్ చేస్తున్నాను. అది నా పని నిబంధనల్లో లేదు. ఒక్కో ఫోనుకు పది నిమిషాలు పడుతుంది. పోయిన నెల సమీక్షలో, మిగతావారి కంటే నేను ముగించిన కేసులు ఎందుకు తక్కువగా ఉన్నాయని మా మేనేజరు అడిగారు. ఉన్న సంగతి చెప్పాను. ఆమె నొచ్చుకోలేదు, కాదనలేదు. ఫారంలో కారణం రాసే గడిలో దానికి తగిన కోడ్ ఏదో తనకూ తెలియలేదని చెప్పి, ఆ గడిని ఖాళీగా వదిలేశారు.